శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్ (ఎస్ఎఫ్ఓ)లో దిగుతుంటే పక్కనే ఇంకో ఫ్లైట్, ఆ తర్వాత గో-అరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకి లేవడం). ఇది నియర్ మిస్ కిందకి వస్తుందా?

ఫ్రీమాంట్_శిరీష

అందరికీ నమస్తే. ఫ్లైట్ల గురించి బాగా తెలిసినవాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారని ఇక్కడ అడుగుతున్నా. మొన్న శనివారం సియాటిల్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వస్తున్నా, ఎడమ వైపు విండో సీటు, సాయంత్రం, ఆకాశం క్లియర్‌గా ఉంది. బే మీదికి వచ్చాక చూస్తే మా ఎడమ పక్కన ఇంకో ఫ్లైట్, మాతో సమానంగా కిందికి దిగుతోంది, కిటికీలు కూడా లెక్కపెట్టొచ్చు అన్నంత దగ్గర. శాన్ మటేయో బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి ఇంకా దగ్గరికి జరిగినట్టు అనిపించింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టేసుకున్నారు. ఇంక నీళ్ళ మీద ఉన్నాం, చక్రాలు కూడా దించేశారు, ఉన్నట్టుండి ఇంజిన్లు గట్టిగా మోగి మా ఫ్లైట్ మళ్ళీ పైకి లేచింది. కాసేపయ్యాక కెప్టెన్ మైకులో ముందు దిగిన విమానం రన్‌వే ఇంకా ఖాళీ చేయలేదు అందుకే మరో రౌండ్ వేసి వస్తున్నాం అన్నాడు. రెండోసారి మామూలుగానే దిగింది.

నాకు అర్థం కానిది ఏంటంటే, ఆ పక్క ఫ్లైట్ అంత దగ్గరికి రావడం మామూలేనా, లేక నిజంగా త్రుటిలో తప్పిన ప్రమాదమా? అలా దగ్గరికొస్తే కాక్‌పిట్‌లో అలారం మోగుతుంది అంటారు కదా, టీక్యాస్, అది ఏం చేస్తోంది మరి? వచ్చే నెల అమ్మా నాన్న విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా వస్తున్నారు, వాళ్ళకి ఇదే మొదటి ఇంటర్నేషనల్ ట్రిప్, వాళ్ళకి ఏం చెప్పాలో కూడా తెలియట్లేదు.

వైజాగ్_టవర్

శిరీష గారూ, నేను ఏటీసీలో, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఇండియాలోనే, కాబట్టి ఎస్ఎఫ్ఓ గురించి నేను చెప్పేది చదివి తెలుసుకున్నది. మీరు చూసింది నియర్ మిస్ కాదండి, అక్కడ ఏళ్ళ తరబడి రోజూ జరుగుతూ వచ్చిందే. కానీ భయం వేయడం సహజం, ఎందుకంటే ఆ ఎయిర్‌పోర్ట్ కట్టిన తీరే అలాంటిది.

అక్కడ 28 లెఫ్ట్, 28 రైట్ అని రెండు రన్‌వేలు పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య గీతల నుంచి లెక్కేస్తే దూరం 750 అడుగులు, అంటే సుమారు 230 మీటర్లు అంతే. మబ్బుల్లో రెండు విమానాలు దేని దారిన అది ఇన్‌స్ట్రుమెంట్ల మీద ఒకేసారి దిగాలంటే రన్‌వేల మధ్య కనీసం 1035 మీటర్లు ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో రూల్. మరి 230 మీటర్లలో ఎలా దింపుతూ వచ్చారు అంటే, కళ్ళతో. వాతావరణం బాగుంటే కంట్రోలర్ ఒక పైలట్‌కి పక్క విమానాన్ని చూపించి కనిపిస్తోందా అని అడుగుతాడు, కనిపిస్తోంది అంటే అక్కడి నుంచి దూరం పాటించే బాధ్యత ఆ పైలట్‌ది. విజువల్ సెపరేషన్ అంటారు. అందుకే మీకు బ్రిడ్జి దగ్గర ఇంకా దగ్గరికి జరిగినట్టు అనిపించింది, అది నిజమే, రెండు దారులూ రన్‌వేల వైపు దగ్గరవుతూ వస్తాయి.

జంటగానే ఎందుకు దింపుతారు అనే డౌట్ వస్తుంది. 1 లెఫ్ట్, 1 రైట్ అని ఇంకో రెండు రన్‌వేలు ఈ రెండిటినీ అడ్డంగా కోస్తూ పోతాయి, టేకాఫ్‌లు ఎక్కువగా అక్కడి నుంచే. ఒకదాని వెనక ఒకటి దింపుతూ పోతే అడ్డ రన్‌వేల మీద లేవాల్సినవాళ్ళకి సందు దొరకదు. రెండు కలిసి దిగితే వాటి వెనక ఒక గ్యాప్ వస్తుంది, ఆ గ్యాప్‌లో రెండు లేస్తాయి. ఎస్ఎఫ్ఓలో పొగమంచు పడితే ఫ్లైట్లన్నీ గంటలకొద్దీ లేట్ అవుతాయని మీ బే ఏరియా వాళ్ళకి తెలిసే ఉంటుంది, కారణం ఇదే, కంటికి కనిపించకపోతే ఈ జంటలు ఆగిపోతాయి.

ఇక టీక్యాస్. అది రెండు రకాలుగా మాట్లాడుతుంది. మొదట ట్రాఫిక్, ట్రాఫిక్ అని హెచ్చరిక మాత్రమే. పరిస్థితి ముదిరితే పైకి పో, కిందికి పో అని ఆర్డర్ ఇస్తుంది. ఈ ఆర్డర్లు నేల నుంచి సుమారు 1000 అడుగుల లోపు డిజైన్‌లోనే ఆగిపోతాయి, అంత కింద కిందికి దిగు అని చెబితే ఎక్కడికి దిగుతారు? పైగా ఇలాంటి దగ్గరి రన్‌వేల మీద పక్క విమానం కంటికి కనిపిస్తున్నప్పుడు హెచ్చరిక మాత్రమే వచ్చేలా స్విచ్ పెట్టుకోవడానికి పైలట్లకి వీలుంది. లేకపోతే ప్రతి ల్యాండింగ్‌కీ అది అరుస్తూనే ఉంటుంది.

గో-అరౌండ్‌కీ పక్క విమానానికీ సంబంధం లేదు, మీ కెప్టెన్ చెప్పిందే కారణం అయి ఉంటుంది. అలా లేవడం మంచి నిర్ణయం. 2024 జూన్ 8న ముంబైలో ఏమైందో గుర్తుందా, ఎయిర్ ఇండియా విమానం తిరువనంతపురం వెళ్ళడానికి రన్‌వే 27 మీద ఇంకా పరిగెడుతుండగానే ఇండోర్ నుంచి వచ్చిన ఇండిగో అదే రన్‌వే మీద నేల తాకింది. వీడియో దేశమంతా చూసింది, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ కంట్రోలర్‌ని డ్యూటీ నుంచి తప్పించి విచారణ పెట్టింది. మీ కెప్టెన్ అక్కడిదాకా రానివ్వలేదు.

కరీంనగర్_కుర్రోడు

సార్ మీరు చెప్పింది కరెక్టే గని ఒక మాట. రోజూ జరుగుతది అన్నంత మాత్రాన భయపడాల్సిన పని లేదు అంటే నేనొప్పుకోను. కళ్ళ మీద ఆధారపడి దింపుడు అందరు ఎయిర్‌లైన్ వాళ్ళు ఒప్పుకుంటలేరు గదా. 2023 అక్టోబర్‌ల లుఫ్తాన్సా వాళ్ళ మ్యూనిక్ ఫ్లైట్ ఎస్ఎఫ్ఓకి రాత్రిపూట వచ్చింది, మా కంపెనీ రూల్ ప్రకారం రాత్రి విజువల్ అప్రోచ్ చేయం, మాకు ఐఎల్ఎస్, అంటే రేడియో సిగ్నల్ పట్టుకొని దిగేది, కావాలె అని పైలట్ అడిగిండు. ఐఎల్ఎస్ ఇస్తే ముంగట వెనక ఎక్కువ గ్యాప్ ఇడవాలె కాబట్టి కంట్రోలర్ వాళ్ళని గాలిలనే హోల్డ్‌ల పెట్టిండు. ఎంతసేపు అని పైలట్ అడుగుడు, ఇద్దరికి మాట మాట పెరుగుడు, ఆఖరుకు ఆ ఎయిర్‌బస్ ఏ350 పక్కనున్న ఓక్లండ్‌కి పోయి దిగింది. ఆ రేడియో రికార్డింగ్ నెట్‌ల మస్తు తిరిగింది, చానా మంది పైలట్‌నే తప్పు పట్టిన్రు, ఎస్ఎఫ్ఓ సంగతి తెల్వదా ఆయనకి అని. నాకైతే ఆ కంపెనీ రూల్ సరైనదే అనిపిస్తది. పన్నెండు గంటలు ఎగిరి వచ్చినోనికి రాత్రి పూట కండ్లతోటి చూసి దిగు అంటే ఎట్ల?

పాత_రేడియో

కరీంనగర్ తమ్ముడు అన్న మాట మీదే ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే ఎస్ఎఫ్ఓలో అసలైన నియర్ మిస్ ఒకటి జరిగింది, దాని రిపోర్టు నేను పూర్తిగా చదివాను, చదివినప్పటి నుంచీ ఎవరు ఈ టాపిక్ ఎత్తినా చెప్పకుండా ఉండలేను. శిరీష గారూ, మీరు భయపడింది పక్కన కనిపించిన విమానం గురించి. ఆ రాత్రి పక్కన ఏ విమానమూ లేదు. ప్రమాదం అందులోనే వచ్చింది.

2017 జులై 7, రాత్రి 11:56. టొరంటో నుంచి వస్తున్న ఎయిర్ కెనడా 759, ఎయిర్‌బస్ ఏ320, లోపల 140 మంది. 28 రైట్ మీద దిగాలి. 28 లెఫ్ట్‌ని పనుల కోసం ఆ రాత్రి మూసేశారు, లైట్లన్నీ ఆర్పేసి చివర్లో వెలిగి ఆరే పెద్ద ఎక్స్ గుర్తు ఒకటి పెట్టారు. పైలట్ల బుర్రలో మాత్రం ఎస్ఎఫ్ఓ అంటే రెండు రన్‌వేలు పక్కపక్కన. కిందికి చూస్తే లైట్లతో రెండు దారులు కనిపించాయి. ఎడమది 28 లెఫ్ట్, కుడిది 28 రైట్ అనుకున్నారు. నిజానికి ఎడమ పక్క వెలుగుతున్నదే 28 రైట్. కుడి పక్కది టాక్సీవే సి, అంటే విమానాలు రన్‌వే దాకా నేల మీద నడిచే దారి. దాని మీద నాలుగు విమానాలు టేకాఫ్ కోసం లైన్లో ఉన్నాయి, యునైటెడ్ వాళ్ళవి మూడు, ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ ఏ340 ఒకటి, సింగపూర్, మనీలా, సిడ్నీ లాంటి దూరాలకి పోయేవి, అంటే ట్యాంకుల నిండా ఇంధనం.

రన్‌వే మూశారని పైలట్లకి ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు, ఫ్లైట్ ముందు ఇచ్చే కాగితాల్లో ఉంది. 27 పేజీల్లో 8వ పేజీలో. నోటమ్‌లు అంటారు వాటిని, ఎక్కడో క్రేన్ నిలబడింది, ఏదో లైటు పనిచేయట్లేదు లాంటివి వందలకొద్దీ ఉంటాయి, ప్రాణం మీదికి వచ్చే విషయం కూడా అదే సైజు అక్షరాల్లో వాటి మధ్య పడి ఉంటుంది. నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే. ఇంకోటి, విజువల్‌గా దిగుతున్నా వెనకాల ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీ పెట్టుకుంటే మధ్య గీత నుంచి పక్కకి పోతున్నావని స్క్రీన్ చూపిస్తుంది. ఆ రోజు వాళ్ళు చేసిన అప్రోచ్‌కి ఆ ఫ్రీక్వెన్సీ చేత్తో పెట్టుకోవాలి, వాళ్ళ ఏ320ల్లో మిగతా అప్రోచ్‌లు వేటికీ అలా చేత్తో పెట్టాల్సిన పని లేదు, అది మర్చిపోయారు. పైగా టొరంటో లెక్కన అప్పుడు తెల్లవారుజాము మూడు. కెప్టెన్ నిద్ర లేచి 19 గంటలు దాటింది.

అంతకుముందు కొన్ని నిమిషాల క్రితం దిగిన డెల్టా పైలట్లకి కూడా అదే తికమక వచ్చింది, కానీ వాళ్ళు స్క్రీన్ మీద దారి చూసుకుని, రన్‌వే మీద రాసిన అంకెలు కనపడ్డాక నిశ్చింతగా దిగారు. ఎయిర్ కెనడా వాళ్ళకీ ఏదో తేడాగా అనిపించింది, రన్‌వే మీద లైట్లు కనిపిస్తున్నాయి, దిగొచ్చా అని టవర్‌ని అడిగారు. టవర్‌లో ఆ టైంకి ఒక్కడే కంట్రోలర్, అన్ని ఫ్రీక్వెన్సీలూ ఆయనే చూస్తున్నాడు. 28 రైట్ మీద నువ్వు తప్ప ఎవరూ లేరు, దిగు అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం! 28 రైట్ ఖాళీగానే ఉంది, విమానమే దాని మీదికి రావట్లేదు. అప్పుడు లైన్లో మొదట ఉన్న యునైటెడ్ కెప్టెన్ రేడియోలో, ఇతను ఎక్కడికి పోతున్నాడు, టాక్సీవే మీదికి వస్తున్నాడు అన్నాడు. ఫిలిప్పీన్ పైలట్లు తమ లైట్లన్నీ వేసేశారు. ఎయిర్ కెనడా వాళ్ళు అప్పటికే ఇంజిన్లు పెంచారు, ఆ తర్వాత టవర్ నుంచి గో-అరౌండ్ అని వచ్చింది. మొదటి విమానం మీదుగా సుమారు 100 అడుగుల ఎత్తులో పోయింది. రెండోదాని దగ్గర అది దిగిన అత్యంత తక్కువ ఎత్తు నేల నుంచి 60 అడుగులు. ఏ340 తోకే 55 అడుగుల పైన ఉంటుంది, ఇంక మీరే లెక్కేసుకోండి. అయిదు విమానాల్లో కలిపి వెయ్యి మందికి పైగా. 1977లో టెనెరిఫ్‌లో 583 మంది పోయారు, విమాన ప్రమాదాల్లో ఇప్పటికీ అదే పెద్దది, ఆ రాత్రి అది రెండో స్థానానికి పోయేది.

ఇక్కడ టీక్యాస్ ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. నేల మీద నిలబడ్డ విమానాన్ని అది లెక్కలోకే తీసుకోదు. ఆ చీకట్లో ఏదో సరిగ్గా లేదని అనుమానించిన మనుషులు తప్ప ఇంకేదీ అడ్డుపడలేదు.

ఫ్రీమాంట్_శిరీష

పాత_రేడియో గారూ చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. వైజాగ్_టవర్ గారికి కూడా చాలా థాంక్స్, అడ్డ రన్‌వేల సంగతి చెప్పాక నేను మ్యాప్ తెరిచి చూశాను, ఇప్పుడు అర్థమైంది. ఇంకో రెండు ప్రశ్నలు. ఆ తర్వాత ఏమైనా మార్చారా? ఇంకోటి, టీక్యాస్ ఒకటి చెప్పి ఏటీసీ ఇంకోటి చెబితే పైలట్ ఎవరి మాట వినాలి?

వైజాగ్_టవర్

మార్చారండి. పక్క రన్‌వే మూసి ఉన్న రాత్రుల్లో ఎస్ఎఫ్ఓలో విజువల్ అప్రోచ్‌లు ఇవ్వడం ఆపేశారు, ఐఎల్ఎస్ లాంటివే ఇస్తారు. రాత్రి రద్దీ తగ్గేవరకు టవర్‌లో ఇద్దరు కంట్రోలర్లు ఉండాలని పెట్టారు. ఒంటరిగా నైట్ డ్యూటీలు చేసినవాడిగా చెబుతున్నా, ఈ రెండో మార్పు చాలా పెద్దది. ఒక్కడే అయితే మాట్లాడుతున్న విమానం మీదే చూపు ఉంటుంది, పక్కన ఇంకొకరు ఉంటే కిటికీలోంచి చూసేవాళ్ళు ఉంటారు.

ఎవరి మాట వినాలి అన్నదానికి జవాబు ఇప్పుడు ఒక్కటే. టీక్యాస్ ఆర్డర్ ఇచ్చిందంటే ఏటీసీ ఏం చెప్పినా పక్కన పెట్టి అదే పాటించాలి. 2002 జులై 1న జర్మనీ సరిహద్దులో ఉబెర్లింగెన్ మీద రష్యా విమానాన్ని టీక్యాస్ పైకి పొమ్మంది, కంట్రోలర్ కిందికి దిగమన్నాడు, వాళ్ళు కంట్రోలర్ మాట విన్నారు. ఎదురుగా వస్తున్న కార్గో విమానం తన టీక్యాస్ చెప్పినట్టు కిందికే దిగింది. 71 మంది పోయారు, అందులో స్కూలు పిల్లలు చాలామంది. అక్కడ కూడా ఆ రాత్రి స్క్రీన్ల ముందు ఒక్కడే కంట్రోలర్.

కరీంనగర్_కుర్రోడు

మన దగ్గర చర్ఖీ దాద్రి సంగతి కూడా చెప్పాలె సార్. ఇప్పటి పిల్లలకు తెల్వది.

వైజాగ్_టవర్

అవును తమ్ముడూ. 1996 నవంబర్ 12. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ 76, రెండూ హర్యానాలో చర్ఖీ దాద్రి మీద గుద్దుకున్నాయి, మొత్తం 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. గాలిలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ప్రపంచంలో ఇంతకు మించింది లేదు. లేచేవాటికీ దిగేవాటికీ అప్పట్లో ఒకటే దారి. సౌదీని 14,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, కజక్‌ని 15,000 దగ్గర ఆగమన్నారు, వాళ్ళు ఆగకుండా ఇంకా కిందికి వచ్చేశారు. అప్పట్లో కంట్రోలర్ రాడార్‌లో చుక్కలు కనిపించేవి కానీ ఏది ఎంత ఎత్తులో ఉందో కనిపించేది కాదు, పైలట్లు నోటితో చెప్పిందే ఆధారం. ఆ విచారణ తర్వాతే మన దేశంలో దిగే, ఎగిరే పెద్ద విమానాలకి టీక్యాస్ తప్పనిసరి చేశారు, రాకపోకలకి దారులు వేరు చేశారు. శిరీష గారూ, మీ అమ్మా నాన్న ఎక్కే విమానంలో ఆ పరికరం ఉంటుంది, ఢిల్లీ రాడార్ తెర మీద ఇప్పుడు ప్రతి విమానం ఎత్తూ అంకెల్లో కనిపిస్తుంది. ఎస్ఎఫ్ఓలో పక్కన ఇంకో విమానం కనిపిస్తే కంగారు పడొద్దని వాళ్ళకి ముందే చెప్పండి, గో-అరౌండ్ అయితే పది పదిహేను నిమిషాలు ఆలస్యం అంతే అని కూడా చెప్పండి.

నెల్లూరు_చందు

లేట్‌గా వచ్చాను, పాత_రేడియో గారిని ఒకటి అడగాలి. ఎయిర్ కెనడా పైలట్లు ఆ చివరి నిమిషంలో కాక్‌పిట్‌లో ఏం మాట్లాడుకున్నారు అనేది రిపోర్టులో ఉందా? ఎందుకు అంత కిందిదాకా వచ్చారో అక్కడే తెలుస్తుంది కదా?

పాత_రేడియో

లేదండి, అదే పెద్ద నష్టం. వాయిస్ రికార్డర్ రెండు గంటలే దాచుకుంటుంది, ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. ఇంత పెద్ద విషయం అని పైకి తెలిసేలోపే పొద్దున ఆ విమానం మాంట్రియల్‌కి ఎగిరిపోయింది, ఆ రాత్రి మాటలన్నీ చెరిగిపోయాయి. పైలట్లు తర్వాత విచారణలో చెప్పింది ఉంది, గో-అరౌండ్ చేసేటప్పుడు కింద విమానాలు ఉన్నట్టు తమకి తెలియదనీ, ఏదో సరిగ్గా లేదని మాత్రమే అనిపించిందనీ. అంత దగ్గరికొచ్చినా నాలుగు విమానాలు కనిపించలేదంటే మెదడు ముందే అది రన్‌వే అని తేల్చేసుకుంది, కళ్ళు ఏం చూపించినా అదే బొమ్మలో ఇరికించింది. అమెరికాలో ఇలాంటివి విచారించే ఎన్‌టీఎస్‌బీ కూడా ముందే ఊహించుకున్నదే కనబడుతుంది అన్న అర్థంలోనే రాసింది.

అమెరికాలో 2024లో వచ్చిన చట్టం ప్రకారం కొత్తగా తయారయ్యే విమానాలకి 25 గంటల రికార్డర్ ఉండాలి, పాతవాటికి 2030 లోపు మార్చాలి. యూరప్‌లో కొత్త పెద్ద విమానాలకి ఇంకా ముందే పెట్టారు. అమెరికాలో ఇన్నేళ్ళు పట్టింది, కాక్‌పిట్ మాటలు ఇన్ని గంటలు దాచడం మా ప్రైవసీకి ఇబ్బంది అని పైలట్ల సంఘాలు అభ్యంతరం చెబుతూ వచ్చాయి. వాళ్ళ బాధ అర్థం చేసుకోగలను కానీ ఈ ఒక్క కేసు చూశాక నేను 25 గంటల వైపే ఉంటాను.